మోకు పట్టుకునేవాడు

లాతా నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఫారంలో పదకొండు గడులు ఉన్నాయి. పది నింపేశాను. పేరు, వయసు, రక్తం గ్రూపు, బీపీ ఉందా, ఇంతకుముందు ఎంత ఎత్తు దాకా వెళ్లారు, రాత్రిపూట నిద్రమాత్రలు వేసుకుంటారా... అన్నీ కలిపి పది నిమిషాల పని. పదకొండోది మాత్రం రెండు వారాలుగా ఖాళీగా ఉంది. "ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి? పేరు, ఫోన్ నంబరు."

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది, భార్య పేరు రాస్తే సరిపోదా అనిపిస్తుంది. నేనూ అదే రాయబోయాను. "నన్ను అడిగావా?" అంది తను. నవ్వుతూ అనలేదు. "నువ్వు కొండ మీద ఉన్నన్ని రోజులూ నేను ఫోన్ పక్కన కూర్చోవాలి. కూర్చుంటాను. కానీ ముందు అడగాలి కదా. నీ ఎక్సెల్ షీట్‌లో స్పూన్ బరువు కూడా రాసుకున్నావు. అందులో నేనెక్కడ ఉన్నాను?"

స్పూన్ మాట నిజమే. టైటానియం స్పూన్ పదిహేడు గ్రాములు. స్టీలు స్పూన్ ముప్ఫైకి పైనే. ఆ తేడా కోసం ఒక శనివారం సాయంత్రం మొత్తం పోయింది. ప్రయాణం కన్నా ప్రయాణపు తయారీలో ఎక్కువ సుఖం ఉందని నాలాంటి వాళ్లకి తెలుసు. మ్యాపులు దించుకోవడం, ఎత్తులు లెక్కపెట్టుకోవడం, ఏ రోజు ఎక్కడ గుడారం వెయ్యాలో, ఎన్ని రోజులు అదనంగా పెట్టుకోవాలో చూసుకోవడం. ఆఫీసులో మీటింగు నడుస్తుంటే రెండో స్క్రీన్ మీద దేవదారు అడవుల ఉపగ్రహ చిత్రం. ఏడాదిగా నేను అక్కడే ఉంటున్నాను.

అక్కడ అంటే నందాదేవి.

చూడనివాళ్లకి ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. నేనూ చూడలేదు. మ్యాపులో చూస్తే ఒక కోట. మధ్యలో 7816 మీటర్ల శిఖరం, దాని చుట్టూ వంద కిలోమీటర్లకు పైగా వలయంలా మంచు కొండలు. ఆ వలయంలో ఒక్కటంటే ఒక్కటే చీలిక, పడమటి వైపు. లోపలి హిమానీనదాల నీరంతా ఋషిగంగ అయి ఆ చీలికలోంచే బయటికి దూకుతుంది. నదికి దారి ఉంది కానీ మనిషికి లేదు. గోడల్లాంటి లోయ అది. లోపల పచ్చిక మైదానాలు, నీలి గొర్రెలు ఉన్నాయని 1934 దాకా బయటి ప్రపంచానికి సరిగ్గా తెలియదు.

ఆ ఏడు ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఆ లోయ గోడల వెంట పాక్కుంటూ లోపలికి వెళ్లారు. చాలాచోట్ల ఇలాగే రాసి ఉంటుంది, ఇద్దరు అని. వెళ్లింది ఐదుగురు. ఆంగ్ తార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు కూడా ఉన్నారు. కొంత దూరం దాకా బరువులు మోసిన కూలీలు ఇంకా వేరే. షిప్టన్‌ను తప్పు పట్టి లాభం లేదు. అతను వాళ్ల పేర్లు రాశాడు, వాళ్లతో పాటు బరువు మోశాడు, వాళ్లు తిన్నదే తిన్నాడు. ఆ కాలపు దొరల్లో అది అరుదు. ఐదుగుర్ని ఇద్దరు చేసింది తర్వాత కథ చెప్పుకున్న మనమే. రెండేళ్ల తర్వాత టిల్మన్, నోయెల్ ఓడెల్ శిఖరం ఎక్కారు. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి నిలబడిన అతి ఎత్తైన శిఖరాగ్రం అదే.

నాకు ఆ చోటు మీద ఇంత పిచ్చి ఎందుకు పట్టిందో నిజాయితీగా చెప్పాలంటే, అది మూసేసి ఉంది కాబట్టి. 1982లో జాతీయ ఉద్యానవనం చేశారు. 1983 నుంచి లోపలికి ఎవరూ వెళ్లకుండా ఆపేశారు. పర్వతారోహకుల్ని, నడిచేవాళ్లని, పశువుల కాపరుల్ని, అందర్నీ. నేను పుట్టేనాటికే తలుపు మూసుంది. నాబోటి వాళ్లకి ఇప్పుడు అనుమతి దొరికేది అంచు దాకానే. జోషీమఠ్ దాటాక మలారీ దారిలో పాతిక కిలోమీటర్ల దూరంలో లాతా అనే ఊరు ఉంది. అక్కణ్నుంచి ఎక్కితే పన్నెండువేల అడుగుల పైన లాతా ఖరక్ అనే మేత మైదానం, ఆ పైన ధరాన్సీ కనుమ. మబ్బు లేకపోతే అక్కణ్నుంచి నందాదేవి కనిపిస్తుందట. కాస్త అవతలి దాకా దిగనిస్తారు, ఆ తర్వాత వెనక్కి రావాలి. అంత దూరం పోయి తలుపు సందులోంచి తొంగి చూసి రావడానికి ఏడాది తయారీ.

మనుషులు లేని చోటు కావాలి నాకు. నగరాల్లో ఉండే చాలామందికి ఈ కోరిక ఉంటుంది, పైకి అనరు గానీ. ఇంగ్లీషులో దానికి ఒక మాట ఉంది, తెలుగులో సరైన మాట దొరకదు. అడవి అంటే మనకి మనుషులు లేని చోటు కాదు. వనవాసం చేసినవాళ్లకి దారి పొడుగునా ఋషులు, బోయలు, రాక్షసులు, ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. ఎవరూ లేరని చెప్పాలంటే 'నిర్జన' అన్న మాట తెచ్చి అరణ్యానికి ముందు విడిగా తగిలించాలి. తగిలించకపోతే అరణ్యంలో జనం ఉన్నట్టే లెక్క.

పదకొండో గడి దగ్గరికి వస్తాను. దాన్ని నింపలేకపోవడానికి మా ఆవిడ ప్రశ్న ఒక కారణమే. రెండో కారణం ఇంకా పాతది, ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పనిది.

ఆరేళ్ల కిందట ఇదే ఉత్తరాఖండ్‌లో ఒక ట్రెక్కుకి వెళ్లాను. చోటు పేరు అక్కర్లేదు. పద్నాలుగు మందిమి. రోజూ సాయంత్రం వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసేవాళ్లు, తలనొప్పి ఉందా అని అడిగేవాళ్లు. మూడో రోజు నాకు తలనొప్పి మొదలైంది. మామూలుది కాదు, కణతల్లో సుత్తి పెట్టి కొట్టినట్టు. అడిగితే లేదన్నాను. ఉందంటే దింపేస్తారు. సెలవు పెట్టుకుని, అంత డబ్బు కట్టి, అంత దూరం వచ్చి, రేపు కనుమ ఎక్కుతామనగా దిగిపోవాలా? వేలికి క్లిప్పు పెట్టినప్పుడు అంకె బాగా రావాలని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. పరీక్షలో కాపీ కొట్టడం లాంటిదే. ఆ ఎత్తులో మోసపోయేది నేనొక్కణ్నే అనుకున్నాను.

రాత్రి ఒంటిగంటకి వాంతులు. నిలబడితే అడుగు సూటిగా పడటం లేదు. పడుకోబెట్టి పొద్దుటిదాకా చూద్దాం అనే పరిస్థితి కాదని వాళ్లకి అర్థమైంది. ఎత్తు తగ్గించడమే అసలు మందు. వంట దగ్గర పనిచేసే కుర్రాడొకడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, తాడుతో ఉయ్యాలలాగా కట్టి నన్ను వీపుకి ఎత్తుకున్నాడు. ఇంకొకతను ముందు లైటు పట్టుకుని నడిచాడు. మూడున్నర గంటలు. రెండువేల అడుగులు దిగారు. మధ్యలో ఒకచోట రాళ్ల మీద ఆ కుర్రాడి కాలు జారింది. పడలేదు. పడకుండా ఉండటానికి మోకాలు ఎటో మెలితిప్పుకున్నాడు. నా డెబ్బై ఎనిమిది కిలోలూ ఆ మోకాలి మీదే. "కుచ్ నహీ సర్" అన్నాడు.

తెల్లారేసరికి నాకు ఏమీ లేదు. ఆ జబ్బు అంతే, దిగితే పోతుంది. మ్యాగీ తిన్నాను. అతను గుమ్మం దగ్గర కాలు చాపుకుని కూర్చున్నాడు. మోకాలు కొబ్బరికాయంత అయింది. మే నెల చివర అది. వాళ్లకి సంపాదన ఉండేది ఆ రెండు నెలలూ, వానల తర్వాత ఇంకొన్ని వారాలూ. అతను ఆ సీజన్లో మళ్లీ పైకి వెళ్లి ఉండడు. మూడువేలు చేతిలో పెట్టాను. చాలా ఇచ్చాననుకున్నాను. జీపు వచ్చింది, ఎక్కాను.

హైదరాబాద్ వచ్చాక ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. పార్టీల్లో బాగా పండేది. చావు అంచుదాకా వెళ్లొచ్చాను అన్నట్టు చెప్పేవాణ్ని. అందులో తలనొప్పి సంగతి దాచినట్టు ఉండదు. ఆ కుర్రాడు ఉంటాడు, "ఒక కుర్రాడు" అని. పేరు చెప్పాడు, గుర్తు లేదు. ఫోన్ నంబరు తీసుకోలేదు. ఐదుగుర్ని ఇద్దరు చేసిన కథల గురించి ఇందాక పెద్ద మాట్లాడాను గానీ, ఇద్దరు మోసిన మనిషిని ఒంటరి సాహసికుణ్ని చేసుకున్న కథ నాది.

మా మామగారిది ఆత్మకూరు, నల్లమల అంచున. మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ ప్రయాణం సంగతి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. కొంచెంసేపయ్యాక చెంచుల తేనె గురించి మొదలుపెట్టారు. ఆయన మాట్లాడే పద్ధతే అంత, అడిగినదానికి కాకుండా పక్కదానికి జవాబిస్తారు. పెద్ద తేనెపట్లు కొండ అంచుల కింద, నిలువు రాతికి వేలాడుతూ ఉంటాయి. వాటిని తియ్యాలంటే పైన మోకు కట్టి, దాని మీద అంచు దాటి కిందికి దిగాలి. పొగకి లేచిన ఈగలు, కింద లోయ. దిగినవాడి ప్రాణం పైన మోకు దగ్గర కూర్చున్నవాడి చేతిలో ఉంటుంది. ఆ పైన కూర్చునేది బావమరిది అని చెప్తారు. అన్నదమ్ముడు కాదు, స్నేహితుడు కాదు. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ మోకుకి వేలాడుతున్నాయి కాబట్టి వాడు వదలడు.

ఈ కథ నేను ముందే విన్నాను. చెంచుల గురించి చదివిన ఎవరికైనా ఇది తగులుతుంది. సరదా విషయంలాగా విని వదిలేశాను. ఈసారి అలా వదల్లేకపోయాను. ఆ పద్ధతిలో నాకు నచ్చింది బావమరిది ప్రేమ కాదు, లెక్క. కిందికి దిగేవాడికి మోకు ఎవరి చేతిలో ఉందో తెలుసు. పట్టుకున్నవాడికి తను పట్టుకున్నట్టు తెలుసు. తేనె ఇద్దరి ఇళ్లకీ వస్తుంది. ఈ మూడింట్లో నా ట్రెక్కులో ఒక్కటైనా ఉందా? నా మోకు వంటగుడారంలో గిన్నెలు తోముతున్నవాడి చేతిలో ఉంది. ఆ సంగతి వాడికి రాత్రి ఒంటిగంట దాకా తెలియదు, నాకు ఆరేళ్ల దాకా తెలియదు.

ఇక్కడ ఎవరైనా ఒక మాట అడుగుతారు. అడగాలి కూడా. వాళ్లు చేసేది ఉద్యోగం కాదా? జీతం తీసుకుంటారు, ప్రమాదం తెలిసే వస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు డాక్టరుకి జ్వరం అంటుకుంటుందేమో అని ఎవరూ ఆగరు కదా. మనం వెళ్లడం మానేస్తే వాళ్ల పొయ్యి ఆరుతుంది.

ఇది తేలిగ్గా కొట్టిపారెయ్యగల వాదన కాదు. 2019 మే నెలలో నందాదేవి తూర్పు శిఖరం దగ్గర హిమపాతంలో ఎనిమిదిమంది పర్వతారోహకులు పోయారు. నలుగురు బ్రిటిష్ వాళ్లు, ఇద్దరు అమెరికన్లు, ఒక ఆస్ట్రేలియన్, వాళ్లతో వెళ్లిన మన భారతీయుడొకరు. వాళ్లను వెతకడానికి ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం వాళ్లు వెళ్లారు. వారాల తరబడి అదే మంచులో, మళ్లీ ఎప్పుడు జారుతుందో తెలియని వాలు మీద తవ్వి ఏడు మృతదేహాలు బయటికి తీశారు. ఎనిమిదోది దొరకలేదు. ఆ తవ్వినవాళ్లు ఉద్యోగస్తులే. ఆరోహణ తెలిసినవాళ్లే, అందుకు గర్వపడేవాళ్లే. అయినా చనిపోయినవాళ్లని కిందికి తేవడానికి బతికున్నవాళ్లని ఎంత ప్రమాదంలోకి పంపవచ్చు అన్న ప్రశ్నకి జీతం జవాబు కాదనుకుంటాను. జీతం పనికి. ఆ ప్రమాదాన్ని ఎంత పెంచాలన్నది మాత్రం పైకి వెళ్లినవాడి నిర్ణయాల్లో ఉంటుంది. నేను ఆ సాయంత్రం "తలనొప్పి లేదు" అన్నప్పుడు ఆ కుర్రాడి కూలీ పెరగలేదు, బరువు పెరిగింది.

ఆ శిఖరం కథల్లో నన్ను ఎక్కువగా వెంటాడేది ఇంకొకటి. 1949లో విల్లీ అన్‌సోల్డ్ అనే అమెరికన్ కుర్రాడు నందాదేవిని దూరం నుంచి చూసి, ఎప్పటికైనా కూతురు పుడితే ఈ పేరే పెట్టుకుంటాను అనుకున్నాడు. పెట్టుకున్నాడు. 1976లో ఆ తండ్రీ కూతురూ కలిసి ఆ కొండ ఎక్కడానికి వచ్చారు. పై శిబిరంలో ఆమె చనిపోయింది. ఇరవై రెండేళ్లు. శరీరాన్ని అక్కడే మంచుకి అప్పగించి తండ్రి దిగి వచ్చాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. అందంగా ఉందని కొందరు రాశారు. నాకు అందంగా అనిపించదు. ఒక మనిషి కోరిక ఇంకో మనిషి పేరు ఎలా అవుతుందో, తర్వాత ఆ పేరున్న మనిషి దాన్ని ఎంత దూరం మోస్తుందో, అది కనిపిస్తుంది. అది ఆమె సొంత కోరిక కూడా అయి ఉండవచ్చు, కాదనడానికి నేనెవర్ని.

సరే, వెళ్లకపోతే? అందరం మానేస్తే? కొండ ప్రశాంతంగా ఉంటుంది కదా. లాతా గురించి చదవడం మొదలుపెట్టేదాకా నేనూ అదే పుణ్యమనుకున్నాను.

1974 తర్వాత విదేశీ దళాలకి తలుపులు తెరవడంతో నందాదేవి లోపలికి జనం బారులు కట్టారు. వంటచెరుకు కోసం భూర్జ చెట్లు, జూనిపర్ పొదలు నరికేశారు. శిబిరాల నిండా డబ్బాలు, ప్లాస్టిక్. కస్తూరి మృగాల వేట. ఎనిమిది తొమ్మిదేళ్లకే మూసెయ్యక తప్పలేదు. మూసెయ్యడం తప్పని నేననను. 1993లో సైన్యం వాళ్లు లోపలికి వెళ్లి వందల కిలోల చెత్త మోసుకొచ్చారు. పదేళ్లలో అడవి కోలుకుంది కూడా. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలం చేసింది. ఇదంతా మంచి కథ. కానీ ఆ తలుపు ఎవరి ముఖం మీద మూసుకుంది? నాలాంటి వాళ్లం ఇంకో కొండకి పోయాం. కులూ, లడఖ్, నేపాల్, మనకి కొండలకేం తక్కువ. లాతా, రేణి ఊళ్ల భోటియా వాళ్లకి మాత్రం తరతరాలుగా గొర్రెలు మేపుకున్న మైదానాలు పోయాయి, మూలికలు పోయాయి. ఆ కొండ ఎక్కేవాళ్లకి దారి చూపించి, బరువులు మోసి సంపాదించుకున్న కూలీ కూడా అదే దెబ్బతో పోయింది. పాడుచేసినవాళ్లు వేరు, మూల్యం కట్టినవాళ్లు వేరు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ రేణి ఊరే 1974 మార్చిలో గౌరాదేవి, ఆమె వెంట ఊరి ఆడవాళ్లు చెట్లని కావలించుకుని కాంట్రాక్టరు మనుషుల్ని వెనక్కి పంపిన ఊరు. మనం బడిలో చదువుకున్న చిప్కో. అడవిని కాపాడినందుకు పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన ఊరినే తొమ్మిదేళ్ల తర్వాత అడవిని కాపాడటానికి బయట నిలబెట్టారు. 1998లో లాతా జనం 'ఝప్టో ఛీనో' అని ఉద్యమం నడిపి, నిషేధాన్ని కాదని లోపలికి నడిచారు. దూకి లాక్కోండి అని దాని అర్థం. 2001లో ఊరంతా కూర్చుని, మా కొండల్లోకి మనుషులు రావచ్చు కానీ మా షరతుల మీద, మా చేతుల మీదుగా రావాలి అని ఒక ప్రకటన చేసుకున్నారు. నాకు ఫారం పంపినాయన ఆ ఊరివాడే. ఆ పదకొండు గడులూ వాళ్ల షరతులు.

నల్లమలలోనూ ఇంతే కదా. పులుల కోసం కోర్ ఏరియా, చెంచు పెంటల్ని బయటికి తరలించడం మీద ఎడతెగని వాదోపవాదాలు. శ్రీశైలం రోడ్డు మీద కారు ఆపి "ఎంత ప్రశాంతంగా ఉందో" అనుకుంటాం. ఆ ప్రశాంతత ఎవరో ఖాళీ చేసి ఇచ్చినది కావచ్చునన్న ఊహ రాదు. నేను కోరుకున్న మనుషులు లేని చోటు అలా తయారైందే. దొరికింది కాదు, తయారు చేసింది.

కాబట్టి వెళ్లినా ఎవరి చేతిలోదో మోకు బిగుస్తుంది, మానేసినా బిగుస్తుంది. చేతులు కడుక్కోవడానికి చోటు లేదు. ఇక్కడిదాకా వచ్చాక చాలా రోజులు ఆ ఎక్సెల్ షీట్ తెరవలేదు.

మళ్లీ తెరిపించింది ఒక జాతర గురించి చదివిన సంగతి. గఢ్వాల్‌లో నందాదేవి కొండ పేరు మాత్రమే కాదు, ఆ ఇంటి ఆడపడుచు. కైలాసంలో శివుడికిచ్చి చేశారు. పన్నెండేళ్లకోసారి ఆమెను పుట్టింటి నుంచి అత్తారింటికి సాగనంపుతారు. దాన్ని రాజ్ జాత్ అంటారు. 2014లో జరిగింది. మన పెళ్లిళ్లలో అప్పగింతలప్పుడు ఆడవాళ్లు ఏడ్చినట్టే అక్కడా పాటలు పాడుతూ ఏడుస్తారు. పల్లకీలతో, ఛత్రాలతో ఊరూరూ దాటి, మంచు కనుమలు దాటి, హోమ్‌కుండ్ దాకా వెళ్తారు. ముందు నాలుగు కొమ్ముల పొట్టేలు నడుస్తుంది. హోమ్‌కుండ్‌లో దాని వీపు మీద అమ్మాయి సారె కట్టి, ఇక పైకి దాన్ని ఒక్కదాన్నే వదిలేస్తారు. జనం వెనక్కి తిరుగుతారు. అక్కడిదాకా రావడం ఎంత ముఖ్యమో అక్కడ ఆగిపోవడం అంత ముఖ్యం. కూతుర్ని దిగబెట్టడానికి వెళ్లినవాడు అత్తారింట్లో గదులన్నీ తిరిగి చూడడు కదా.

ఆ పొట్టేలు ఏమవుతుందని నాకూ అనుమానం వచ్చింది. మంచిగా ఏమీ కాదనే అనుకుంటాను. ఈ లెక్కలో అది కూడా ఎవరో ఒకరు మోసే బరువే. జాతరని నెత్తిన పెట్టుకోవాలని కాదు నేననేది. ధరాన్సీ దాకా వెళ్లి వెనక్కి రావడం అంటే తలుపు సందులోంచి చూడటం అని ఇందాక కాస్త చిన్నబుచ్చి రాశాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

గత నెల లాతా ఆయనకి ఫోన్ చేశాను. నా హిందీ ఆఫీసు హిందీ, ఆయనది కొండ హిందీ, అయినా ముప్పావుగంట మాట్లాడుకున్నాం. 2021 గురించి అడిగాను. ఫిబ్రవరి 7, ఆదివారం పొద్దున. వాన లేదు, మబ్బు లేదు. రోంటీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసిన పెద్ద పెళ్ల ఊడిపడి ఋషిగంగలోకి వరదై వచ్చింది. రేణి దగ్గరి విద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది, కింద తపోవన్‌లో సొరంగంలో పనివాళ్లు చిక్కుకుపోయారు. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిసి రెండువందల మందికి పైగా. 1965లో చైనా క్షిపణుల్ని కనిపెట్టడానికి అమెరికా, మన ప్రభుత్వం కలిసి ఆ కొండ మీద పెట్టబోయి పోగొట్టుకున్న ప్లుటోనియం యంత్రం పేలిందేమోనని అప్పట్లో ఊళ్లో కొందరు అనుకున్నారు. అది కారణం కాదని శాస్త్రజ్ఞులు తేల్చారు. కానీ ఆ యంత్రం మాత్రం ఈనాటికీ దొరకలేదు. బయటినుంచి వచ్చి అక్కడ ఏదో ఒకటి వదిలిపోయిన వాళ్ల జాబితా చాలా పొడుగు.

తర్వాత నా తలనొప్పి సంగతి చెప్పాను. క్లిప్పు, గట్టిగా పీల్చుకున్న ఊపిరి, మోకాలు, మూడువేలు. ఇంటికొచ్చినవాళ్లకి చెప్పలేనిది ముఖం తెలియని మనిషికి ఫోన్లో చెప్పడం తేలిక. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కుర్రాడిది ఏ ఊరు?" అని అడిగాడు. తెలియదన్నాను. "ఊరు తెలిస్తే కనుక్కోవచ్చు" అన్నాడు. అంతే, కోప్పడలేదు. నేను ఒక షరతు పెడతానన్నాను, పైన ఎక్కడ వెనక్కి తిరగాలన్నది మీ మాటే చివరి మాట, నేను వాదించను. ఆయన నవ్వాడు. "అది మీరు పెట్టే షరతు కాదు సార్. ఆరో గడి కింద రాసే ఉంది, చూడలేదా?" నిజమే, హిందీలో చిన్న అక్షరాల్లో ఉంది. చదవకుండానే సంతకం పెట్టేశాను.

ఆ ట్రెక్కు నడిపినవాళ్లకి మెయిల్ రాశాను, ఆ ఏడాది, ఆ తేదీ, ఆ శిబిరంలో వంట దగ్గర ఎవరు పనిచేశారో చెప్పగలరా అని. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. అతను దొరికితే ఏం చెయ్యాలో కూడా నాకు ఇంకా స్పష్టంగా తెలియదు. డబ్బు పంపితే సరిపోతుందా? క్షమించమని అడిగితే, అది మళ్లీ నా బరువు దించుకోవడానికి అతని వీపు వెతుక్కోవడమేనా? ఆ పేరు మాత్రం తెలుసుకోవాలని ఉంది.

మా ఆవిడ పేరు పదకొండో గడిలో రాయలేదు. తను వద్దనలేదు. అడిగాను, ఒప్పుకుంది, కానీ తనే అంది, "తమ్ముణ్ని అడుగు. నాకు ఫోన్ వస్తే నేను ఏడుస్తాను. వాడైతే బస్సెక్కుతాడు."

మా బావమరిదికి ఆత్మకూరులో ఎరువుల కొట్టు. ఖరీఫ్ ముగిసేవేళ వాడికి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, సెప్టెంబరు చివర అంటే సరిగ్గా అప్పుడే. ఫోన్ చేసి, తిన్నావా, పిల్లలు ఎట్లున్నారు అని అటూ ఇటూ తిప్పి విషయం చెప్పాను. ఎన్ని రోజులు, ఎక్కడిదాకా, సిగ్నల్ ఎక్కడ పోతుంది, ఏ తేదీ రాత్రికి నా ఫోన్ రాకపోతే ఎవరికి చెయ్యాలి, ఆపైన ఏం చెయ్యాలి. మధ్యలో ఎవరో యూరియా ధర అడిగితే చెప్పి మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"రాసుకో బావా నా పేరు. దానికి ఇంత అడగాల్నా?"

"అడగాలి."

"సరే. కొట్టు నంబరు కూడా రాయి, సెల్లు ఒక్కోసారి కలవదు." కాస్త ఆగాడు. "అది సరే గానీ బావా, నాకు హిందీ రాదు కదా. వాళ్లు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాల?"

ఏడాదిగా తయారవుతున్న నా ఎక్సెల్ షీట్‌లో ఈ వరస లేదు. ఆ రాత్రి కూర్చుని తెలుగు అక్షరాల్లో హిందీ వాక్యాలు తొమ్మిది రాసి పంపాను. మీరు ఎక్కడ ఉన్నారు. అతనికి స్పృహ ఉందా. ఇంకెవరికైనా దెబ్బలు తగిలాయా. దగ్గర్లో ఏ ఆస్పత్రి. నేను బయల్దేరాను. మర్నాడు పొద్దున్నే వాయిస్ మెసేజ్ వచ్చింది. కొట్టు షట్టరు తీసిన చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు, వాడు గట్టిగా ఒక్కో వాక్యం చదువుతున్నాడు. నాలుగోది తప్పు పలికాడు. వినమని మా ఆవిడకి ఇచ్చాను. తను రెండుసార్లు విని, సరిచేసి తిరిగి పంపింది.